వంతెన కాగితాలు

కో తింగ్‌షాన్ అంబులెన్సు ఎక్కినవాళ్లు ఆసుపత్రికి వెళ్లరు. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్తారు. ఇక తమ చేతుల్లో ఏమీ లేదని డాక్టర్లు చెప్పేశాక, ఆఖరి ఊపిరి సొంతింట్లోనే వదులుతామని పట్టుబట్టే ముసలివాళ్లను కావ్‌శ్యోంగ్ నగరం నుంచి కొండల అవతల తూర్పు తీరానికి చేర్చడం ఆయన పని. బయట ప్రాణం పోయినవాణ్ణి గడప దాటించకూడదని అక్కడివాళ్ల పట్టింపు. అలాంటివాణ్ణి వాకిట్లో పందిరి వేసి అక్కడే పడుకోబెడతారు తప్ప, నట్టింట్లో పెద్దల పటాల ముందుకు చేర్చరు. అందుకే బండి ఆగీ ఆగగానే ఇంటి పెద్ద ఎదురొచ్చి మొదట అడిగే మాట ఒకటే. "ఊపిరి ఉందా?"

తింగ్‌షాన్ ప్రతిసారీ "ఉంది" అనేవాడు. నిజానికి చాలామందికి ఘాట్ రోడ్డు ఎక్కకముందే ఊపిరి పోయేది. అయినా ఆక్సిజన్ మాస్కు కదపకుండా అలాగే లోపలికి మోసుకెళ్లి, పటాల ముందు పడుకోబెట్టాక, అప్పుడు మాస్కు తీసి "ఇప్పుడే వెళ్లిపోయారమ్మా" అనేవాడు. అది అబద్ధమని ఆయనకు తెలుసు, అడిగినవాళ్లకూ తెలుసు. అందరికీ పని జరిగే అబద్ధం గనక ఎవరూ కెలికేవారు కాదు. ఇన్నేళ్లలో నిజంగా ఊపిరితో ఒక్కరినైనా గడప దాటించానా అని ఆలోచన వస్తే మాత్రం ఆ పూట ఆయనకు అన్నం సయించేది కాదు.

ఆవేళ బండెక్కిన పెద్దాయన పేరు ఫాంగ్ ష్వేచువాన్. తూర్పు తీరాన తైమాలీలో సీతాఫలం తోట ఉంది ఆయనకు. ఆయనతో పాటు ఎక్కిన కూతురు వాన్‌చెన్ చేపల రేవులో వేలం పాట పాడే మనిషి. గొంతు తగ్గించడం ఆమెకు చేతకాదు. స్ట్రెచర్ ఎక్కించి తలుపు వేస్తుండగానే మొదలుపెట్టింది.

"అన్నా, మీ బళ్ల సంగతి నాకు తెలుసు. మా గుమ్మం దగ్గర అబద్ధం చెప్పొద్దు."

"అబద్ధమేంటమ్మా?"

"నాన్న దారిలో పోతే పోయాడని నేనే చెప్తాను. పందిట్లోనే పడుకోబెడతాం. బతికినన్నాళ్లూ తూకంలో ఒక కాయ తక్కువ వెయ్యని మనిషి. ఆఖర్న మీ చేత అబద్ధం ఆడించి దొంగతనంగా లోపలికి చేర్పించను."

తింగ్‌షాన్ పెద్దాయన వంక చూశాడు. కళ్లు మూసుకునే ఉన్నాడు గానీ, మాస్కు లోపల ఆవిరి పడుతోంది, పోతోంది, మళ్లీ పడుతోంది. "సరేనమ్మా. అయితే ఊపిరితోనే దించుదాం" అన్నాడు. అన్నాక భయం వేసింది.

బయట జల్లు పడుతోంది. ముందు అద్దానికి ఆవిరి పట్టి ఏమీ కనబడక, వేడిగాలి అద్దానికి కొట్టేలా మీటలు జరిపి కూర్చున్నాడు. అప్పుడు పడింది వాన్‌చెన్ చూపు డాష్‌బోర్డు మీదున్న పసుపుపచ్చ కాగితాల కట్ట మీద. ఆ దారుల్లో తిరిగే వాళ్లందరికీ తెలిసిన కాగితాలే అవి. శవంతో వంతెన దాటేటప్పుడు, పోయినవాళ్ల ఆత్మ ఒడ్డునే నిలిచిపోకుండా "వంతెన వచ్చింది, దాటండి" అని పిలుస్తూ కిటికీలోంచి ఒక్కో కాగితం గాలికి వదలాలి. నీళ్ల దగ్గర కాపు కాసే దయ్యాలకి అది సుంకం.

"అవి అక్కడెందుకున్నాయి?" అంది.

"ఎప్పుడూ ఉంటాయమ్మా. అలవాటు."

"మా నాన్న బతికున్నాడు. బతికున్న మనిషి తల దగ్గర శవాల కాగితాలు పెట్టుకుని నడుపుతావా? సిగ్గులేదూ? తీసెయ్."

మీరు కాస్తా నువ్వు అయిపోయింది. తింగ్‌షాన్ చెవులు ఎర్రబడ్డాయి. కట్ట చేతిలోకి తీసుకున్నాడు గానీ ఎక్కడ పెట్టాలి? చెత్తబుట్టలో వెయ్యకూడదు. సీటు కింద, కాళ్ల దగ్గర పెట్టకూడదు. ముందున్న అరలో గ్లౌజులూ టేపులూ కుక్కి ఉన్నాయి. అద్దం మొదట్లో గాలి వచ్చే సందుకి ఉండాల్సిన జాలీ ఎప్పుడో విరిగి ఊడిపోయింది. ఆమె చూపు తండ్రి వైపు తిరిగిన క్షణంలో ఆయన కట్టని నిలువుగా ఆ సందులోకి తోసేశాడు. అది జారి లోపలెక్కడో మెత్తగా పడింది. తర్వాత తీసుకోవచ్చులే అనుకుని బండి కదిలించాడు.

ఊరు దాటేసరికి జల్లు ఆగి ఎండ కాసింది. మీట చల్లగాలి వైపు జరుపుతుంటే మధ్యలో ఏదో అడ్డు తగిలినట్టయింది. గట్టిగా నెడితే వెళ్లింది. ఇరవై ఏళ్ల బండి, దానికీ కీళ్ల నొప్పులుంటాయిలే అనుకున్నాడు.

ఫెంగ్‌గాంగ్ దగ్గర సముద్రం వదిలి ఘాట్ రోడ్డు ఎక్కాక వెనకనించి వాన్‌చెన్ పిలిచింది.

"అన్నా, ఏసీ పెట్టలేదా?"

"పెట్టే ఉందమ్మా."

"వేడిగాలి వస్తోంది."

"కొండ ఎక్కుతున్నాం కదా, బండికి ఆయాసం. పైకెళ్తే సర్దుకుంటుంది."

సర్దుకోలేదు. ఏసీలో గ్యాస్ పోయుంటుందనుకున్నాడు తింగ్‌షాన్. పోయినవారమే పట్టించాడు, ఈ వేసవిలో అది రెండోసారి. చల్లదనం తగ్గిందని ఏ షెడ్డుకి పోయినా మారు మాట్లాడకుండా గ్యాసే అంటారు, పట్టేస్తారు, పంపేస్తారు. మళ్లీ ఎక్కడో కారిపోయి ఉంటుందని తనలో తనే తిట్టుకున్నాడు. అంతలో కొండ మలుపులో చిన్న వంతెన వచ్చింది. ఏళ్ల తరబడి అలవాటైన నోరు ఊరుకోలేదు.

"పెద్దాయనా, వంతెన..."

"నోరు ముయ్" అంది వాన్‌చెన్. "ఇంకొక్కసారి ఆ మాట ఆయన చెవిన పడితే నేను ఊరుకోను."

పెదాలు బిగబట్టి నడిపాడు. శిఖరం దాటి తూర్పు వైపు దిగడం మొదలవగానే అసలు సంగతి ఎదురైంది. వేసవిలో కొన్ని రోజులు ఆ కొండల మీంచి తీరంలోని దావూ ఊరి వైపు కాలే గాలి దిగుతుంది. ఆ పూట ఆకులు చెట్టునే వేగిపోతాయి, కుక్కలు కాలవలో పడుకుని లేవవు. సరిగ్గా ఆరోజే దిగింది. కిటికీ తీస్తే పొయ్యి ముందు ముఖం పెట్టినట్టుంది. మూస్తే లోపల ఇంకా ఉడుకు. బ్లోయర్ ఆపేస్తే ఊపిరాడదు.

అద్దంలో చూస్తే వాన్‌చెన్ తండ్రి చొక్కా గుండీలు విప్పి తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తోంది. గుడ్డ తుడిచినంతసేపట్లోనే ఆరిపోతోంది. పెద్దాయన ఛాతీ చిన్నగా, త్వరత్వరగా ఎగసిపడుతోంది. మాస్కు లోపలి ఆవిరి ఇదివరకులా కాదు, కనబడీ కనబడనట్టుంది. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపేందుకు ఆయన వేలికి తగిలించిన మిషను కూత పెట్టడం మొదలుపెట్టింది.

"ఒళ్లు కాలిపోతోంది. ఇంకా ఎంత దూరం?"

"ఇంకా గంట దారి ఉంది. ఈ వేడిలో అంత దూరం..." అని ఆయన ఆగిపోయాడు.

"అంత దూరం ఏంటి? చెప్పు."

"ఆయన తట్టుకోడమ్మా. కింద ఒక షెడ్డుంది. గ్యాస్ పట్టిస్తే చాలు, చిటికెలో పని."

"ఆపితే ఆక్సిజన్ ఖర్చవుతుంది. చాలుతుందా?"

తింగ్‌షాన్‌కి ఆ లెక్క ముందే తెలుసు. సిలిండర్ ముల్లు సగానికి దిగింది. ఎక్కువసేపు ఆగితే చాలదు, ఆగకపోతే మనిషి దక్కడు. ఏది చెప్పినా తప్పే అయ్యేట్టుంది. కొండ దిగగానే ఆమెను ఇంకోమాట అడగకుండా బండి షెడ్డులోకి తిప్పేశాడు.

షెడ్డు ఎలెంగ్‌ది. పైవాన్ తెగ మనిషి, నలభై దాటి ఉంటుంది. ఆ చుట్టుపక్కల పళ్ల లారీలన్నీ ఆమె చేతి కిందే బతుకుతాయి. అప్పుడూ ఒక లారీ కిందే పడుకుని ఉంది. బండి శబ్దానికి బయటికి జారి, బుగ్గన వక్క అటునించి ఇటు మార్చుకుంటూ లేచి నిలబడింది.

"చెల్లెమ్మా, లోపల ప్రాణం ఉన్న మనిషి. ఏసీ చచ్చింది. గ్యాస్ పట్టు, తొందరగా" అన్నాడు తింగ్‌షాన్.

"జబ్బు పేరు నువ్వే చెప్పి మందు నన్ను పొయ్యమంటావా? ఇంజిన్ ఆపకు. ఏసీ తియ్యకు. ముందు చూడనీ."

వెనక తలుపు తీసి పెద్దాయన్ని చూసింది. ఆ ఒక్క చూపుతో మాటలు తగ్గించింది. "నీడలోకి దించండి. ఇంజిన్ ముందు సీట్ల కిందుంది, మూత తీస్తే సెగంతా లోపలికి కొడుతుంది."

"దించను" అంది వాన్‌చెన్.

"అమ్మా, దించకపోతే ఉడికిపోతాడు."

"పరాయి నేల మీద ఆయన్ని దించను. దించితే ఇక్కడే ఉండిపోతాడు. ఇంట్లోనే దిగాలి."

వాదించి లాభం లేదని ఎలెంగ్‌కి అర్థమైంది. లారీలకి పెట్టే పెద్ద ఫ్యాను ఈడ్చుకొచ్చి వెనక తలుపు దగ్గర పెట్టింది. నీళ్ల తొట్టిలో దుప్పటి ముంచి వాన్‌చెన్ చేతికిచ్చి, తలుపుకి అడ్డంగా పట్టుకోమంది. తర్వాత ముందుకొచ్చి సీటు ఎత్తింది. గుప్పున సెగ కొట్టింది. వెనకనుంచి వేలి మిషను కూత ఎక్కువైంది.

"మూసెయ్యండి, ఆయనకి ఊపిరాడట్లేదు" అంది వాన్‌చెన్.

"మూస్తే నాకు కనబడదు. కాసేపు ఓర్చుకో తల్లీ."

ఎలెంగ్ చెవి పెట్టి వింది. కంప్రెసర్ టక్కున అందుకుని తిరుగుతోంది. చెయ్యి లోపలికి పెట్టి పైపులు తడిమింది. గేజు తగిలించి ముళ్లు చూసింది. ఆ తర్వాత నుదురు చిట్లించి నిలబడిపోయింది. ఆ నిలబడటం తింగ్‌షాన్ భరించలేకపోయాడు. ఇలాంటి అవసరానికని తలుపు అరలో దాచుకున్న గ్యాస్ డబ్బా తీశాడు. గొట్టం బిగించబోతుంటే ఎలెంగ్ ఆయన మణికట్టు మీద నూనెగుడ్డతో ఒక్కటిచ్చింది.

"ఏం చేస్తున్నావ్?"

"నువ్వు పట్టవు, నన్ను పట్టనివ్వవు. లోపల మనిషి పోతున్నాడు."

"గ్యాస్ నిండుగా ఉంది. గేజు చూడు. కావాలంటే ఈ పైపు పట్టుకో."

పట్టుకున్నాడు. లావు పైపు చల్లగా, పైన నీళ్లు కారుతూ ఉంది. వేళ్లు జిల్లుమన్నాయి.

"చల్లగా ఉందే" అన్నాడు వెర్రిముఖం పెట్టి.

"మరి? కడుపు నిండినవాడి నోట్లో ఇంకో ముద్ద కుక్కుతావా? అది పట్టుంటే కంప్రెసర్ పగిలి సాయంత్రం దాకా ఇక్కడే కూర్చునేవాడివి. నీ ఏసీ బాగానే ఉంది."

"బాగుంటే ఈ వేడేంటి?" అని అరిచింది వాన్‌చెన్ వెనకనుంచి.

ఎలెంగ్ క్యాబిన్‌లోకి వంగి డాష్‌బోర్డు మధ్య గాలి వచ్చే సందు మీద అరచెయ్యి పెట్టింది. బయటికొచ్చి కాలే గాలిలో చెయ్యి చాపింది. మళ్లీ లోపలికి పెట్టింది. మూడోసారికి వక్క ఉమ్మేసింది.

"అన్నా, ఏసీ చస్తే ఎలాంటి గాలి రావాలి?"

"వేడిగాలి."

"ఎంత వేడి?"

తింగ్‌షాన్‌ని ఇలాంటి ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"బయట ఎంత వేడో అంత. అంతకు మించి రాకూడదు. ఇది బయటి గాలి కంటే వేడిగా ఉంది. ఈరోజు ఈ కాలే గాలి లేకపోతే నీకూ తెలిసేది. నీ ఏసీ చల్లబరుస్తూనే ఉంది, పక్కనే పొయ్యి మండుతోంది. హీటర్ ఆన్‌లో ఉంది."

"నేను వేసవిలో హీటర్..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. పొద్దున జల్లు. ఆవిరి పట్టిన అద్దం. వేడి వైపు జరిపిన మీట. తిరిగి జరుపుతుంటే తగిలిన అడ్డు. అద్దం మొదట్లో జాలీ లేని సందు. ఒక్కొక్కటీ గుర్తొచ్చింది.

"ఏంటన్నా?" అంది ఎలెంగ్. "ఏం గుర్తొచ్చింది?"

తింగ్‌షాన్ వెనక్కి తిరిగి వాన్‌చెన్ వైపు చూశాడు. తడి దుప్పటి రెండు చేతులా పట్టుకుని ఆమె ఆయన్నే చూస్తోంది. దాచడానికి వీలుంటే ఇప్పుడూ దాచేసేవాడే.

"ఆ కాగితాల కట్ట" అన్నాడు. "తీసెయ్యమన్నావు కదమ్మా. ఎక్కడ పెట్టాలో తెలియక ఆ సందులో తోశాను."

"ఎంత లావు?" అని ఎలెంగ్ అడిగింది. ఆయన వేళ్లతో చూపించాడు. ఆమె నాలుక చప్పరించింది.

"సరిపోయింది. లోపల వేడికీ చలువకీ మధ్య ఒక రేకు తలుపుంటుంది. అది తెరిచున్నప్పుడే కట్ట వెళ్లి ఇరుక్కుంది. నువ్వు మీట తోస్తే దాని తీగ వంగిందే గానీ తలుపు మూసుకోలేదు."

"అయితే తియ్యి" అన్నాడు తింగ్‌షాన్.

"తియ్యాలంటే డాష్‌బోర్డు మొత్తం విప్పాలి. చీకటి పడుతుంది."

వేలి మిషను కూత ఆగడం లేదు. సిలిండర్ ముల్లు సగం కిందికి జారింది. వాన్‌చెన్ గొంతు మొదటిసారి తగ్గింది. "నేను అరవకుండా ఉండాల్సింది. అది అక్కడే, దాని మానాన అది పడి ఉండేది."

"నేను దాన్ని ఒళ్లో పెట్టుకుని నడిపినా సరిపోయేదమ్మా" అన్నాడు తింగ్‌షాన్. శవాల కోసం దాచిన కాగితాలు బతికున్న మనిషిని చంపుతున్నాయని, అదీ తన చేత్తోనే అని ఆయనకు అనిపించింది.

ఎలెంగ్ సీటు కింద మళ్లీ తల దూర్చింది. "తలుపు మూయలేకపోతే పొయ్యి ఆర్పుదాం" అంది లోపలినుంచే. "ఇంజిన్ వేడినీళ్లు హీటర్‌లోకి పోయే రబ్బరు గొట్టం ఇదిగో, ఇక్కడుంది. దీన్ని నొక్కి పట్టేస్తే నీళ్లు పోవు. ఆ తలుపు తెరిచున్నా ఒకటే, మూసున్నా ఒకటే."

"మరి నొక్కు" అన్నాడు తింగ్‌షాన్.

"వినండి ముందు." తల బయటికి తీసి ఇద్దరి వంకా చూసింది. "ఈ రబ్బరు బండి వయసుదే. పైన పగుళ్లున్నాయి. నొక్కినప్పుడు చీలిందా, నీళ్లన్నీ కారిపోయి బండి ఇక్కడే ఆగిపోతుంది. ఇంకో బండి కొండల అవతలినుంచి రావాలి. నొక్కమంటే నొక్కుతాను. తర్వాత నన్ను అనొద్దు."

తింగ్‌షాన్ వాన్‌చెన్ వైపు తిరిగాడు. బండి ఆయనది, మనిషి ఆమె తండ్రి. వాన్‌చెన్ వంగి పెద్దాయన ముఖంలోకి చూసింది. చెంప మీద చెయ్యి పెట్టి కాసేపు ఉంచింది.

"నొక్కండి" అంది.

ఎలెంగ్ పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి గొట్టం చుట్టూ చుట్టింది. బిగిస్తే అలాగే పట్టు వదలని పట్టుకారు తెచ్చి, ఆ ముక్క మీద దవడలు ఆనించి, మర కొంచెం కొంచెంగా తిప్పడం మొదలుపెట్టింది. తిప్పుతుంది, ఆగుతుంది, వేలితో తడిమి తడి ఉందేమో చూసుకుంటుంది, మళ్లీ తిప్పుతుంది. రబ్బరు కిర్రుమంది. గొట్టం మీద చిన్న నీటి బొట్టు కనబడింది. ఎలెంగ్ చెయ్యి ఆగిపోయింది. బొట్టు అక్కడే నిలిచి, సెగకి ఆరిపోయింది. ఇంకోటి రాలేదు.

"నా చెమట" అంది ఎలెంగ్, ముఖం మోచేత్తో తుడుచుకుంటూ. మరొక్క చుట్టు తిప్పి పట్టుకారు పిడి టక్కున బిగించింది.

సీటు దించేసి, ముగ్గురూ గాలి సందు వైపు చూస్తూ కూర్చున్నారు. ముందు అదే ఉడుకు. గొట్టంలో మిగిలిన వేడి పోవాలి కదా అని ఎలెంగ్ గొణిగింది గానీ, ఆమె మాటలోనూ ధైర్యం లేదు. తర్వాత గోరువెచ్చగా వచ్చింది. తింగ్‌షాన్ చెయ్యి తియ్యకుండా అలాగే పెట్టి ఉంచాడు. అంతలో వేళ్ల సందుల్లోంచి చల్లగాలి సర్రున దూసుకొచ్చింది. ఆయన చెయ్యి పక్కకి తీసి, ఆ సందు రేకుల్ని వెనక స్ట్రెచర్ వైపు తిప్పాడు.

"పో" అంది ఎలెంగ్ తలుపు వేస్తూ. "తిరిగొచ్చేటప్పుడు ఆగు, నీ కాగితాలు తీసిస్తాను. వెళ్లేటప్పుడు గుంటలు చూసుకో, పట్టుకారు ఊడితే నన్ను తిట్టుకోకు."

రోడ్డు సముద్రం పక్కకి దిగింది. చల్లగాలి బండంతా నిండేసరికి వేలి మిషను కూత ఆగింది. తింగ్‌షాన్ ప్రాణం మాత్రం కుదుటపడలేదు. అద్దంలో మాస్కునే చూస్తున్నాడు. ఆవిరి పడుతోంది. ఒక్కోసారి చాలాసేపు పట్టదు. అప్పుడు ఆయన కాలు తనకు తెలియకుండానే యాక్సిలరేటర్ గట్టిగా నొక్కేస్తోంది, గుంట గుర్తొచ్చి మళ్లీ తగ్గిస్తున్నాడు.

దావూ వంతెన వచ్చింది. నోటి దాకా వచ్చిన మాటని పళ్ల మధ్య నొక్కిపెట్టాడు. అప్పుడు వెనకనుంచి వినబడింది.

"నాన్నా, దావూ వంతెన."

తింగ్‌షాన్ ఉలిక్కిపడ్డాడు. పెద్దాయన ప్రాణం పోయిందేమో అనుకున్నాడు. అద్దంలో చూస్తే వాన్‌చెన్ తండ్రి చెవి దగ్గర ముఖం పెట్టి కూర్చుని ఉంది.

"కంగారు పడకన్నా" అంది. "చిన్నప్పుడు సీతాఫలాల లారీలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కావ్‌శ్యోంగ్ తీసుకెళ్లేవాడు. తిరిగొచ్చేటప్పుడు నేను నిద్రపోతుంటే ప్రతి వంతెనకీ పేరు చెప్పి లేపేవాడు. ఇల్లొచ్చేస్తోంది, లే, లే అని. ఇప్పుడు నేను లేపుతున్నాను. వేలు కదిపాడు. చూడు."

నడుపుతూ ఆయన ఎలా చూస్తాడు? అయినా చూశాడు. దుప్పటి మీద పెద్దాయన చూపుడు వేలు చిన్నగా లేచి పడింది.

దాజూ వంతెన వచ్చింది. ఈసారి వాన్‌చెన్ పిలిచేలోగా తింగ్‌షానే పిలిచాడు. "పెద్దాయనా, దాజూ." ఆమె నోరు ముయ్యమనలేదు. వేలు లేచింది.

జిన్‌లున్ వంతెన మీద లేవలేదు.

"నాన్నా, జిన్‌లున్" అంది వాన్‌చెన్. మళ్లీ అంది. గొంతు పెంచి, రేవులో ధర అరిచినట్టు అరిచింది. మాస్కు తేటగా ఉంది. అబద్ధం చెప్పొద్దని ఆమె అన్న మాట, వాకిట్లో వేసిన పందిరి, అన్నీ ఒక్కసారే తింగ్‌షాన్ కళ్ల ముందుకొచ్చాయి. ఆయన బ్లోయర్ మీట ఆఖరి దాకా తోశాడు. చల్లగాలి హోరుమంది.

"ఇంకొక్క వంతెనే నాన్నా. తైమాలీ. దాని తర్వాత మన తోటే. లే."

మాస్కు మసకబారింది. వాన్‌చెన్ నవ్విందో ఏడ్చిందో ఆయనకు తెలియలేదు. తల తండ్రి భుజం మీద ఆనించి, తైమాలీ వంతెన వచ్చేదాకా ఎత్తలేదు.

ఇంటి ముందు పందిరి వేసి సిద్ధంగా ఉంది. చుట్టాలు నిలబడి ఉన్నారు. బండి ఆగగానే పెద్దాయన అన్నగారు, చేతికర్ర మీద వంగి ఎదురొచ్చాడు. ఇలా వచ్చిన ఎందరినో చూసిన మనిషి, అడగాల్సిన మాట అడిగాడు.

"ఊపిరి ఉందా?"

తింగ్‌షాన్ నోరు తెరిచాడు. ఇన్నేళ్లుగా నిద్రలో అడిగినా చెప్పగలిగిన మాట, ఆవేళ వెంటనే రాలేదు. వెనక తలుపు దగ్గర నిలబడ్డ వాన్‌చెన్ వంక చూశాడు.

"చెప్పన్నా" అంది ఆమె.

"ఉంది" అన్నాడు. చేత్తో ముఖం కప్పుకున్నాడు.

ముసలాయన మర్యాదగా తలూపాడు, ఆ మాటకి అందరూ ఊపినట్టే. తమ్ముడు పోయాడని ఆయన ఎప్పుడో అనుకున్నాడు. స్ట్రెచర్ దించి గుమ్మం ముందుకి తెచ్చాక, కళ్లు తుడుచుకుంటూ ఆఖరి చూపు కోసం దాని మీదికి వంగాడు. మాస్కు లోపల ఆవిరి పట్టింది, పోయింది, మళ్లీ పట్టింది. దుప్పటి మీంచి చూపుడు వేలు లేచి ఆయన కర్రని తాకింది. ముసలాయన గుమ్మానికి అడ్డంగా అలాగే నిలబడిపోయాడు.

"జరుగు పెదనాన్నా" అంది వాన్‌చెన్. "నాన్న ఇంట్లోకి వస్తున్నాడు."